300 ఓంల హెడ్‌ఫోనుకు తక్కువ ఖర్చులో ట్యూబ్ యాంప్: ఏది తీసుకోవాలి, ఎందుకు

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ దగ్గర సెన్‌హైజర్ హెచ్‌డీ 6ఎక్స్‌ఎక్స్ ఉంది, అది 300 ఓంలది. వచ్చే ఏడాది బేయర్‌డైనమిక్ డీటీ 880లో 600 ఓంల రకం కొనాలని కూడా అనుకుంటున్నారు. ప్రస్తుతం ల్యాప్‌టాప్‌కు ఒక చిన్న డ్యాక్ (డిజిటల్ పాటను హెడ్‌ఫోనుకు అందే సిగ్నల్‌గా మార్చే పరికరం) తగిలించుకుని వింటున్నారు, పాట నిండుగా లేదనిపిస్తోంది. 25,000 రూపాయల లోపు ట్యూబ్ యాంప్, అంటే పాత రేడియోల్లోలాంటి గాజు వాల్వులతో పనిచేసే యాంప్లిఫయర్ కావాలి, వీలైతే అదే యాంప్‌తో మీ 32 ఓంల ఇయర్‌ఫోన్లు కూడా వినాలి. సంక్రాంతికి డాలస్ నుంచి విజయవాడ వస్తున్న మీ బావగారి చేత తెప్పించుకుంటే కలిసివస్తుందా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పి, తరువాత కారణాల్లోకి వెళ్తాను. మీ రెండు హెడ్‌ఫోన్లకూ సరిపోయేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్యూబ్ యాంప్, అంటే అందరూ ఓటీఎల్ అని పిలిచే రకం. లిటిల్ డాట్ ఎంకే 2 స్థాయిలోది, మన కరెంటుకు తగినట్టు 220 లేదా 230 వోల్టులకు చేసినది తీసుకోండి. 32 ఓంల ఇయర్‌ఫోన్లను దానికి తగిలించే ఆలోచన మానుకోండి. అమెరికా నుంచి 120 వోల్టుల యాంప్ తెప్పించవద్దు. ఈ మూడింటిలో మొదటి మాట చాలామంది చెబుతారు. మిగిలిన రెండూ ఎవరూ చెప్పకపోవడం వల్ల కొన్నవాళ్లు తరువాత బాధపడటం నేను చాలాసార్లు చూశాను.

ఓంలు ఇంపిడెన్స్‌కు, అంటే హెడ్‌ఫోన్ కరెంటుకు చూపే అడ్డుకు కొలత. 300 ఓంలు అనగానే అది మొండి హెడ్‌ఫోన్ అని, దాన్ని నడపడానికి చాలా పవర్ కావాలని అంటుంటారు. ఆ మాటలో సగమే నిజం ఉంది. హెచ్‌డీ 6ఎక్స్‌ఎక్స్‌కు మాతృక అయిన హెచ్‌డీ 650కి సెన్‌హైజర్ ఇచ్చిన లెక్క ప్రకారం 1 వోల్టు అందితే 103 డెసిబెల్స్ శబ్దం వస్తుంది. సంగీతంలో అప్పుడప్పుడూ ఎగసే శిఖరాలకు 110 డెసిబెల్స్ దాకా చోటు ఉంచాలనుకుంటే సుమారు 2.2 వోల్టులు కావాలి, పవర్ లెక్కలో అది 17 మిల్లీవాట్లు మాత్రమే. డీటీ 880 ఇంకొంచెం అడుగుతుంది. దానికి 1 మిల్లీవాటు అందితే 96 డెసిబెల్స్ అని కంపెనీ చెబుతుంది. 600 ఓంలలో 1 మిల్లీవాటు అంటే 0.775 వోల్టు. 110 డెసిబెల్స్‌కు 3.9 వోల్టులు, 25 మిల్లీవాట్లు. 115 దాకా వెళ్లాలంటే దాదాపు 7 వోల్టులు, 80 మిల్లీవాట్లు. కాబట్టి ఈ హెడ్‌ఫోన్లకు కరువయ్యేది వాట్లు కాదు, వోల్టులు. ఫోన్లకు తగిలించే చిన్న డ్యాకుల్లో చాలావాటి అవుట్‌పుట్ 1 వోల్టు దగ్గరే ఆగిపోతుంది, కొన్ని 2 వోల్టులు ఇస్తాయి. మీ 6ఎక్స్‌ఎక్స్‌కు అది సరిపోయినట్టే ఉండి సరిపోదు, 600 ఓంల డీటీ 880కి అసలే చాలదు.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. మీకు కావలసింది శబ్దం పెరగడం, శుభ్రంగా వినిపించడం మాత్రమే అయితే ట్యూబులు అక్కరలేదు. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో ఒక ఇంజినీరు ఓ2 అనే యాంప్ డిజైనును అందరికీ బహిరంగంగా ఇచ్చేశారు. ఒక మామూలు ఏసీ అడాప్టరుతో నడిచే ఆ చిన్న డబ్బా దాదాపు 7 వోల్టులు ఇస్తుంది. పైన డీటీ 880కి చెప్పిన గరిష్ఠ అవసరం కూడా అంతే. ఆ తరువాత వచ్చిన జేడీఎస్ ల్యాబ్స్ యాటమ్, టాపింగ్ ఎల్30 లాంటివి కొలతల్లో ఏ చవక ట్యూబ్ యాంప్‌నైనా సులువుగా మించిపోతాయి. ట్యూబ్ యాంప్ మీకు ఇచ్చేది వేరు: కొద్దిపాటి రెండో హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు పౌనఃపున్యంలో కలిసే తోడు ధ్వని), కింది స్వరాల్లో కాస్త నిండుదనం, ఎక్కువసేపు విన్నా చెవి అలసిపోని ఒక నెమ్మదితనం. వీణ తీగ మీటిన తరువాత ఆ నాదం మెల్లగా సన్నబడుతూ పోయే చోట ఆ తేడా నాకు బాగా తెలుస్తుంది. అది మీకు నచ్చుతుందో లేదో మీ చెవే చెప్పాలి. వీలైతే కొనేముందు ఎవరి దగ్గరైనా గంటసేపు వినండి, పావుగంట చాలదు.

అయినా చవక ట్యూబ్ యాంపులకు ఒక చోట మాత్రం గట్టి సాంకేతిక కారణం ఉంది, అది సరిగ్గా మీ హెడ్‌ఫోన్ల దగ్గరే. ట్యూబు స్వభావం ఎక్కువ వోల్టేజి, తక్కువ కరెంటు. స్పీకర్‌కు ఉండే 8 ఓంలను అది నేరుగా నడపలేదు, మధ్యలో సాధారణంగా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాల్సి వస్తుంది. మంచి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అంటే పొరలు పొరలుగా చుట్టిన రాగి, నాణ్యమైన కోర్. మొత్తం యాంప్‌లో అన్నిటికన్నా ఖరీదైన భాగం అదే. చవక యాంప్‌లో అదే భాగం చవకగా ఉంటే కింది స్వరాలు పల్చబడతాయి, పై స్వరాలు మొద్దుబారతాయి. 300, 600 ఓంల హెడ్‌ఫోనుకు ఆ ట్రాన్స్‌ఫార్మరే అక్కరలేదు. ఖర్చులో పెద్ద భాగం ఒక్కసారిగా తగ్గిపోయి, ఆ డబ్బు పవర్ సప్లైకి మిగులుతుంది. తక్కువ ధరలో మంచి ట్యూబ్ యాంప్ దొరికే దారి నాకు తెలిసి ఇదొక్కటే.

ఎలా పనిచేస్తుందో ఒక లెక్కతో చూపిస్తాను. ఈ యాంపుల్లో చివరి ట్యూబు సాధారణంగా కేథోడ్ ఫాలోయర్‌గా, అంటే వోల్టేజిని పెంచకుండా కేథోడ్ (ట్యూబులో ఎలక్ట్రాన్లు వెలువడే భాగం) నుంచి కరెంటును అందించే పద్ధతిలో ఉంటుంది, హెడ్‌ఫోన్ ఒక పెద్ద కెపాసిటర్ ద్వారా కేథోడ్‌కు కలుస్తుంది. ఆ ట్యూబులో నిరంతరం 40 మిల్లీయాంపియర్ల కరెంటు పారుతోందనుకుందాం. కేథోడ్ రెసిస్టరు తీసుకునే వాటాను లెక్క సులువు కోసం పక్కన పెడితే, క్లాస్ ఏలో, అంటే ట్యూబులో కరెంటు ఎప్పుడూ ఆగకుండా పారే పద్ధతిలో, హెడ్‌ఫోనుకు అందగల గరిష్ఠ కరెంటు కూడా ఆ 40 మిల్లీయాంపియర్లే. 300 ఓంలలో ఆ కరెంటు 12 వోల్టుల శిఖరాన్ని ఇస్తుంది, పవర్ 240 మిల్లీవాట్లు. అదే ట్యూబు, అదే కరెంటు, 32 ఓంలలో 1.3 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది, పవర్ 26 మిల్లీవాట్లకు పడిపోతుంది. ఇంపిడెన్స్ తగ్గేకొద్దీ యాంప్ బలహీనపడుతుందే కానీ బలపడదు. ట్రాన్సిస్టరు యాంపులకు అలవాటుపడినవాళ్లకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది.

తరువాతి విషయం అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే యాంప్ తన లోపలే కరెంటుకు చూపే అడ్డు; నా దృష్టిలో మీ ఎంపికలో అన్నిటికన్నా ముఖ్యమైనది. డార్క్‌వాయిస్ 336ఎస్ఈ, బాటిల్‌హెడ్ క్రాక్ లాంటి యాంపుల్లో చివర ఉండేది 6ఏఎస్7జీ లేదా 6080 అనే డబుల్ ట్రయోడ్ (మూడు ఎలక్ట్రోడ్ల ట్యూబులు రెండు ఒకే గాజులో ఉండేది). దాన్ని పాటల కోసం తయారు చేయలేదు, పవర్ సప్లైలలో వోల్టేజిని నిలకడగా ఉంచే పనికోసం చేశారు. అందుకే దాని ప్లేట్ (ఎలక్ట్రాన్లను అందుకునే పలక) రెసిస్టెన్స్ 280 ఓంలు మాత్రమే, యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్, అంటే సిగ్నల్‌ను పెంచగల రెట్లు, కేవలం 2. కేథోడ్ ఫాలోయర్‌గా వాడితే అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 100 ఓంల పరిసరాల్లో ఉంటుంది, క్రాక్‌కు సుమారు 120 ఓంలు అని చెబుతారు. ఇప్పుడు మీ 6ఎక్స్‌ఎక్స్ వైపు చూడండి. దాని 300 ఓంలు పేరుకు మాత్రమే. 80, 100 హెర్ట్‌జ్‌ల ప్రాంతంలో, డయాఫ్రమ్ తనంతట తాను ఊగే చోట, అది దాదాపు 500 ఓంల దాకా లేస్తుంది. యాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 120 ఓంలు అయితే మధ్య స్వరాల దగ్గర 2.9 డెసిబెల్స్ పోతుంది, బాస్ దగ్గర 1.9 మాత్రమే పోతుంది. అంటే బాస్ ఒక డెసిబెల్ పైకి వస్తుంది. ట్యూబు వెచ్చదనం అని చాలామంది మెచ్చుకునేదానిలో పెద్ద వాటా ఈ ఒక్క డెసిబెల్‌దే. అది తప్పు కాదు. 6ఎక్స్‌ఎక్స్‌లో సహజంగానే లోతైన బాస్ కొంచెం తక్కువ కాబట్టి చెవికి హాయిగానే ఉంటుంది. అలాగే 1996లో అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ తెచ్చిన 61938 ప్రమాణం హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌కు 120 ఓంలనే పేర్కొంది, కాబట్టి పాతకాలపు హై ఇంపిడెన్స్ హెడ్‌ఫోన్లకు ఇదేమీ వింత పరిస్థితి కాదు.

అదే యాంప్‌కు మీ 32 ఓంల ఇయర్‌ఫోన్ తగిలించండి. మధ్యలో 13.5 డెసిబెల్స్ పోతాయి. ఇంపిడెన్స్ ఎక్కడైనా 60 ఓంలకు లేస్తే అక్కడ 9.5 మాత్రమే పోతాయి. ఒక చోట 4 డెసిబెల్స్ గుబ్బలా లేచిన పాట వినాల్సి వస్తుంది. దీనికి తోడు అవుట్‌పుట్ కెపాసిటర్ ఉంది. అది 100 మైక్రోఫారడ్‌లు అనుకుంటే 300 ఓంలతో కలిసి 5 హెర్ట్‌జ్ దగ్గర కోత పెడుతుంది, మన చెవికి దాని సంగతే తెలియదు. 32 ఓంలతో ఆ కోత 50 హెర్ట్‌జ్‌కు వస్తుంది, మృదంగంలో ఎడమవైపు తొప్పి నాదం కిందినుంచి తరిగిపోతుంది. పైగా ఇయర్‌ఫోన్లు చాలా సున్నితమైనవి. పెద్ద హెడ్‌ఫోన్‌లో వినిపించని హోరు వాటిలో స్పష్టంగా వినబడుతుంది. ఇయర్‌ఫోన్లకు మీ ల్యాప్‌టాప్ డ్యాకే చాలు, దాన్ని అలాగే ఉంచుకోండి.

ఇక యాంపుల విషయానికి వద్దాం. ధరలు డాలరుతో, కస్టమ్స్‌తో మారుతుంటాయి కాబట్టి అంకెలు చెప్పను. బయటి నుంచి పార్సిల్‌గా తెప్పిస్తే దాని ధర మీద సుంకం, జీఎస్టీ, కొరియర్ వాళ్ల రుసుము కలుస్తాయని ముందే లెక్క వేసుకోండి. లిటిల్ డాట్ ఎంకే 2 చైనాలో తయారవుతుంది. ముందు రెండు 6జే1 రకం చిన్న పెంటోడ్లు (ఐదు ఎలక్ట్రోడ్ల ట్యూబులు), వెనుక రెండు 6ఎన్6పీ ట్రయోడ్లు ఉంటాయి. నేను దాన్ని ముందు చెప్పడానికి కారణం అడుగున ఉండే చిన్న గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలో నిర్ణయించే) స్విచ్‌లు. గెయిన్‌ను 10 నుంచి 3కు తగ్గించుకోవచ్చు. మీ డ్యాక్ 2 వోల్టులు ఇస్తే గెయిన్ 10 అసలు అక్కరలేదు. ఎక్కువ గెయిన్ ఉంటే వాల్యూమ్ నాబ్ ఎనిమిది గంటల స్థానం దాటకుండానే చెవులు గింగురుమంటాయి, కుడి ఎడమల తేడా కూడా సరిగ్గా ఆ కింది భాగంలోనే ఎక్కువగా ఉంటుంది. 6ఎక్స్‌ఎక్స్‌కు 3, డీటీ 880కి 4 లేదా 5 పెట్టుకోండి.

డార్క్‌వాయిస్ 336ఎస్ఈలో ముందు ఒక 6ఎస్ఎన్7, వెనుక ఒక 6ఏఎస్7జీ ఉంటాయి. శబ్దం మరింత గుండ్రంగా, నిండుగా ఉంటుంది. 600 ఓంల డీటీ 880కి, ముఖ్యంగా దాని పై స్వరాల పదునుకు, ఇది మంచి జోడీ అని నా అభిప్రాయం. గెయిన్ మాత్రం తగ్గించుకునే వీలు లేదు. బాటిల్‌హెడ్ క్రాక్ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం నుంచి వచ్చే కిట్. సోల్డరింగ్ బాగా వచ్చి, మల్టీమీటరు పట్టుకోవడం అలవాటు ఉన్నవాళ్లకు ఇంతకన్నా సంతృప్తినిచ్చే యాంప్ లేదు, మీ 300 ఓంలకు దాని జోడీ చాలాకాలంగా పేరుపొందింది. కానీ అన్ని ఖర్చులూ కలిపితే మీ బడ్జెట్ దాటుతుంది, మొదటిసారి సోల్డరింగ్ పట్టేవాళ్లు రెండు వందల వోల్టుల దగ్గర నేర్చుకోకూడదు. షిట్ ఆడియో వాళ్ల వాల్‌హల్లా 2 ఓటీఎల్‌లలో అరుదైనది. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఎక్కువ గెయిన్‌లో 14 ఓంలు, తక్కువ గెయిన్‌లో 3.5 మాత్రమే. 230 వోల్టుల రకం సెకండ్ హ్యాండ్‌లో మీ బడ్జెట్‌కు దొరికితే ఆలోచించకుండా తీసుకోండి.

ఒకవేళ తక్కువ ఇంపిడెన్స్ హెడ్‌ఫోన్లు కూడా అదే యాంప్‌తో వినడం మీకు తప్పనిసరి అయితే హైబ్రిడ్ చూడండి. ముందు ట్యూబు వోల్టేజిని పెంచుతుంది, వెనుక ట్రాన్సిస్టర్లు కరెంటు ఇస్తాయి. షిట్ వాలీ వరుస, ఎక్స్‌డ్యూ ఎంటీ-602 ఈ కోవలోవి. మంచి యాంపులే, ఉపయోగం ఎక్కువ. కానీ మీరు ఏ శబ్దం కోసం ట్యూబు వైపు చూస్తున్నారో అది వీటిలో కొంచెమే ఉంటుంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టే బదులు మీ 300 ఓంలకు ఒక ఓటీఎల్, ఇయర్‌ఫోన్లకు ఉన్న డ్యాక్ అనే పద్ధతే నాకు నచ్చుతుంది.

ఆన్‌లైన్ దుకాణాల్లో రెండు మూడు వేలకు దొరికే ట్యూబ్ యాంపుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీలాగే చాలామంది అక్కడే మొదలుపెడతారు. వాటిలో ఉండే 6జే1 మంచి ట్యూబే. దానికి సాటి అయిన 6ఏకే5ను రెండో ప్రపంచయుద్ధ కాలంలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ తయారు చేసింది, రాడార్లలో వాడారు. దాని డేటా షీట్ ప్లేటుకు 120, 180 వోల్టులు అడుగుతుంది. ఆ చిన్న డబ్బాల్లో దానికి అందేది 12 వోల్టుల అడాప్టరు నుంచి వచ్చే కొద్దిపాటి వోల్టేజి. ఆకలితో ఉన్న ట్యూబు అక్కడ పాటను నడపదు, కాస్త రంగు పూస్తుంది అంతే. గాజు కింద నీలం, నారింజ రంగు ఎల్ఈడీ వెలుగుతూ కనిపిస్తే ఆ వెలుగు హీటర్‌ది (ట్యూబు లోపల కేథోడ్‌ను వేడెక్కించే తీగది) కాదని గుర్తించండి. నిజమైన హీటర్ వెలుగు సన్నగా, లోపలి గొట్టం పైన, కింద మాత్రమే దీపపు వత్తి కొసలా కనిపిస్తుంది.

ఇప్పుడు మీ బావగారి సంగతి. అమెరికాలో ఇళ్లకు వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. మనకు 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. ఫోన్ ఛార్జర్లలా ట్యూబ్ యాంపులు ఏ వోల్టేజికైనా సర్దుకోవు, లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. స్టెప్‌డౌన్ (230 వోల్టులను 120కి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) పెట్టుకుంటే సరిపోతుందని చెప్పేవాళ్లున్నారు. పనిచేస్తుంది, కానీ మూడు చిక్కులున్నాయి. మన బజారులో దొరికే స్టెప్‌డౌన్లలో చాలావాటికి అవుట్‌పుట్ వైపు ఎర్త్ ఉండదు. చాలా వరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు, ఇంటి కరెంటు నుంచి అవి యాంప్‌ను విడదీయవు. ఇక 60 హెర్ట్‌జ్‌కు మాత్రమే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 50 హెర్ట్‌జ్ మీద నడిపితే కోర్‌లో అయస్కాంత ఫ్లక్స్ 20 శాతం పెరుగుతుంది. అది వేడెక్కుతుంది, జుమ్మని ఊగుతుంది. ఆ యాంప్ వెనుక ఉండే పేరు పలక మీద 50/60 హెర్ట్‌జ్ అని రాసి ఉంటేనే ఆ మాట ఆలోచించాలి, అప్పుడు కూడా కనీసం 150 వీఏ సామర్థ్యం, ఎర్త్ పిన్ ఉన్న స్టెప్‌డౌన్ తీసుకోవాలి. పాస్‌పోర్ట్ సైజులో ఉండే ప్రయాణపు కన్వర్టర్లు దగ్గరికి రానివ్వకండి. బావగారి చేత ఏదైనా తెప్పించుకోవాలనిపిస్తే విడి ట్యూబులు తెప్పించుకోండి: తేలిక, బట్టల్లో చుట్టి చేతిసంచిలో పెట్టుకుంటే పగలవు, వోల్టేజి గొడవ లేదు.

మన వైపు కరెంటు గురించి నాకు పాఠం నేర్పిన ఒక సంఘటన చెబుతాను. ఆరేళ్ల కిందట సికింద్రాబాద్‌లో మా ఇంట్లోకి ఒక ఓటీఎల్ యాంప్ వచ్చింది. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. పగలు బాగుండేది. రాత్రి పదకొండు దాటాక కింద ఒక సన్నని గుం అనే హోరు మొదలయ్యేది, వాల్యూమ్ నాబ్ ఇనుప అంచును వేలితో తాకితే ఆగిపోయేది. ట్యూబులు చెడిపోయాయనుకుని రెండుసార్లు మార్చాను, ఆ డబ్బు వృథా అయింది. చివరికి ఒక రాత్రి మల్టీమీటరు తీసుకుని కూర్చున్నాను. గోడ సాకెట్లో 246 వోల్టులు. యాంప్ 220 వోల్టులకు చేసినది కాబట్టి 6.3 ఉండాల్సిన హీటర్ వోల్టేజి 7 దాటింది, పది శాతం పరిమితి మించిపోయింది. ఆ తరువాత ఎక్స్‌టెన్షన్ బోర్డు విప్పి చూస్తే ఎర్త్ పిన్‌కు వైరే లేదు, ఇత్తడి గొట్టం ఒట్టిగా కూర్చుని ఉంది. నాబ్ తాకగానే హోరు ఆగడానికి కారణం అదే: లేని ఎర్త్ స్థానంలో నా ఒళ్లు నిలబడింది. ట్యూబ్ యాంప్ ఇనుప పెట్టెకు ఎర్త్ లేకపోవడం హోరుతో పోయే విషయం కాదు, లోపల ఒక వైరు ఊడితే ప్రాణాల మీదికి వస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ గది సాకెట్‌కు ఎర్త్ సరిచేయించాను, చిన్న సర్వో స్టెబిలైజర్ పెట్టాను. ఆ తరువాత ఆ ట్యూబులే నాలుగేళ్లు నడిచాయి.

కాబట్టి యాంప్ రాకముందే మీ ఇంటి సాకెట్లో వోల్టేజిని పగలు ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి కొలిపించండి. 240 దాటి తరచూ ఉంటే 230 లేదా 240 వోల్టుల ట్యాప్ (ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆ వోల్టేజికి కలుపుకునే చోటు) ఉన్న యాంప్ తీసుకోండి, లేకపోతే స్టెబిలైజర్ డబ్బు బడ్జెట్‌లో కలుపుకోండి. కరెంటు పోయినప్పుడు యాంప్ స్విచ్ ఆఫ్ చేయడం అలవాటు చేసుకోండి. వచ్చేటప్పుడు ఒక్కసారి ఎగసి, పోయి, మళ్లీ వచ్చే కరెంటు కన్నా ట్యూబులకు పెద్ద శత్రువు లేదు.

కొన్నాక హోరు వస్తే కంగారుపడకుండా ఇలా చూడండి. వాల్యూమ్ పెంచినా తగ్గించినా హోరు మారకపోతే అది యాంప్ లోపలిది, నాబ్‌తో పాటు మారితే కేబులుదో డ్యాక్‌దో. ల్యాప్‌టాప్ ఛార్జరు పీకి బ్యాటరీ మీద నడపండి; హోరు మాయమైతే అది గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల ఎర్త్‌ల మధ్య తిరిగే కరెంటు), యాంప్ తప్పేమీ లేదు. లోపలిదే అయితే, లోతుగా ఒత్తినట్టు ఉండే 50 హెర్ట్‌జ్ హోరు హీటర్ నుంచో ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం నుంచో వస్తుంది, తుమ్మెదలా రొద పెట్టే 100 హెర్ట్‌జ్ హోరు ఎక్కువగా ఫిల్టర్ కెపాసిటర్లు ముసలివైపోయిన గుర్తు. ఈ రెండోది సెకండ్ హ్యాండ్ యాంపుల్లో సర్వసాధారణం, మెకానిక్ దగ్గర తక్కువ ఖర్చుతో పోతుంది.

సెకండ్ హ్యాండ్ తీసుకునేటప్పుడు నేను ఒక పాత మోనో సినిమా పాట పట్టుకెళ్తాను. మోనో రికార్డింగులో రెండు చెవులకూ వచ్చేది ఒకటే కాబట్టి గాయకుడి గొంతు సరిగ్గా నుదుటి మధ్యలో నిలబడాలి. నాబ్‌ను అన్నిటికన్నా కింద నుంచి మెల్లగా పెంచుతూ పోండి. గొంతు ఒక పక్కకు వాలి, తరువాత మధ్యకు వస్తే పొటెన్షియోమీటరు (వాల్యూమ్ నాబ్ వెనుక ఉండే భాగం) బలహీనం. గరగరమంటే దుమ్ము పట్టింది, అది శుభ్రం చేస్తే పోతుంది. ఎంత పెంచినా గొంతు పక్కనే ఉంటే రెండు చివరి ట్యూబులను పరస్పరం మార్చమని అడగండి. గొంతు రెండో వైపుకు జరిగితే తప్పు ట్యూబుది, జరగకపోతే ముందు ట్యూబులతోనూ అలాగే చేసి చూడండి, అప్పటికీ జరగకపోతే కొనవద్దు. 6080 లాంటి ఒకే ట్యూబు రెండు చానళ్లకూ పనిచేసే యాంప్‌లో ఈ మార్పిడి కుదరదు, అక్కడ మరో ట్యూబు పెట్టి చూడాలి. ఇవన్నీ యాంప్ అరగంట వేడెక్కిన తరువాతే చేయాలి.

ట్యూబులు మార్చి మార్చి వినే సరదా గురించి ఎక్కువ చెప్పను. మొదటి ఆరు నెలలు ఉన్నవాటితోనే వినండి. 2022లో రష్యా నుంచి ట్యూబుల ఎగుమతులు ఆగినప్పుడు ధరలు ఒక్కసారిగా పెరిగాయి, పాత నిల్వల పేరుతో అమ్మేవాళ్లలో నమ్మదగినవాళ్లు తక్కువ. ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి: తొమ్మిది పిన్నులు ఉన్నంత మాత్రాన ఒకదాని చోట మరొకటి పెట్టకూడదు. 12ఏయూ7 అనే ట్యూబులో తొమ్మిదో పిన్ను హీటర్ మధ్య తీగ, 6డీజే8లో అదే పిన్ను లోపలి షీల్డు. 6డీజే8 హీటర్ 365 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది, దానికి బదులు అని అమ్మే 6ఎన్1పీ 600 తీసుకుంటుంది, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఆ భారానికి మాడిపోతుంది. యాంప్ మాన్యువల్లో రాసి ఉన్న పేర్లు దాటి వెళ్లకండి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో సాకెట్లు, అధిక వోల్టేజి కెపాసిటర్లు, రెసిస్టర్లు ఇప్పటికీ దొరుకుతాయి; పాత వాల్వు రేడియోలు బాగుచేసిన ముసలి మెకానిక్ మీ ఊళ్లో ఎవరైనా మిగిలి ఉంటే ఆయన పరిచయం సంపాదించుకోండి, ఈ సర్క్యూట్లు ఆయనకు కొత్తవి కావు.

రోజూ వాడేటప్పుడు పాటించాల్సిన వరుస ఇది. ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించి యాంప్ ఆన్ చేయండి. నిమిషం ఆగండి, ఆ సమయంలో అవుట్‌పుట్ కెపాసిటర్ నిండుతుంది, అప్పటికే హెడ్‌ఫోన్ తగిలించి ఉంటే ఆ నిండే కరెంటు దాని కాయిల్ గుండానే పోయి ధభీమంటుంది. ఆ తరువాత హెడ్‌ఫోన్ జాక్ పెట్టండి. ఆపేటప్పుడు ముందు జాక్ తీయండి. 6080 హీటర్ ఒక్కటే 16 వాట్ల దాకా మింగుతుంది, మొత్తం యాంప్ చిన్న ఇస్త్రీపెట్టెలా వేడెక్కుతుంది, కాబట్టి మూసిన అల్మరాలో పెట్టకండి, చుట్టూ జానెడు ఖాళీ ఉంచండి. విజయవాడ మే నెలలో ఫ్యాన్ గాలి తగిలే చోట ఉంచితే మరీ మంచిది. ఏ కారణం చేతనైనా అడుగు పలక విప్పాల్సి వస్తే, ప్లగ్ పీకేసిన తరువాత కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో 150 నుంచి 300 వోల్టులు నిలిచి ఉండవచ్చని మరవకండి. మీటరుతో కొలిచి, అది సున్నా దగ్గరికి వచ్చాకే లోపల చెయ్యి పెట్టండి.